మావా, నీ తేలే బుడగ గురించి

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. ఈ-పేపర్ చదువుతుంటే స్క్రీన్ అంచున బుడగలా తేలుతూ, నొక్కితే అర్థం చెప్పే తెలుగు నిఘంటువు యాప్ చేస్తావా? భలే ఉందిరా. కాకపోతే దిగేముందు ఇందులో ఉన్న తిరకాసు వినాలి. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

వేరే యాప్ మీద మనది కనబడాలంటే ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ అలర్ట్ విండో అనే పర్మిషన్ కావాలి. కెమెరాకి అడిగినట్టు పాపప్ వేసి 'అలో' కొట్టించుకుంటే సరిపోదు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి మనిషే సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్విచ్ వెయ్యాలి. ఆండ్రాయిడ్ 11 వచ్చాక ఇంకో తిప్పలు. నేరుగా నీ యాప్ పేజీ తెరుచుకోదు, యాప్‌ల లిస్టంతా వస్తుంది, అందులో నీది వెతుక్కోవాలి. మీ నాన్నగారు ఆ లిస్టు కిందికీ పైకీ జరుపుతూ నిన్ను తిట్టడం నాకిక్కడికే వినిపిస్తోంది! అందుకే యాప్ తెరవగానే అడక్కు. బుడగ కావాలని వాళ్లు నొక్కినప్పుడే, ఎందుకో ఒక్క ముక్క చెప్పి పంపించు.

ఇంత కట్టడి ఊరికే పెట్టలేదులే. బ్యాంకు యాప్ తెరవగానే దాని మీద అచ్చం అలాంటి లాగిన్ పేజీయే పరిచి పాస్‌వర్డ్ కాజేసే వైరస్‌లు ఉన్నాయి. 2017లో జార్జియా టెక్, శాంటా బార్బరా పరిశోధకులు 'క్లోక్ అండ్ డాగర్' పేరుతో ఈ పర్మిషన్‌నీ, చూపు సరిగా లేనివాళ్ల వంటివారికి సాయంగా పెట్టిన యాక్సెసిబిలిటీ సదుపాయాన్నీ కలిపి ఫోన్‌ని ఎలా చేజిక్కించుకోవచ్చో చేసి చూపించారు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ అయినా తన స్క్రీన్ మీద ఇలాంటి కిటికీలు కనబడకుండా దాచేసుకోవచ్చు. కాబట్టి ఎక్కడైనా నీ బుడగ మాయమైతే కోడ్ తప్పనుకుని రాత్రంతా కూర్చోకు.

కోడ్ సంగతంటావా, పాత ట్యుటోరియల్స్‌లో బుడగ కిటికీ రకం టైప్ ఫోన్ అని ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి అది చెల్లదు, టైప్ అప్లికేషన్ ఓవర్‌లే వాడు. నాట్ ఫోకసబుల్ ఫ్లాగ్, అంటే టైపింగ్ నీ బుడగకి రాకుండా ఆపే గుర్తు, మర్చిపోయావో, కింద యాప్‌లో టైప్ చేద్దామంటే కీబోర్డే రాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. కాపీ చేసిన మాటని బుడగ దానంతటదే పట్టుకుంటుందని రాశావు చూడు, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోకస్ లేని (అంటే అప్పుడు టైపింగ్ అందుకోని) మామూలు యాప్ క్లిప్‌బోర్డ్‌ని, అంటే కాపీ చేసిన మాట ఉండే చోటుని, చదవలేదు. నీ బుడగకేమో ఫోకస్ ఉండకూడదు! ఎలా మరి?

నా మాట విని ముందు ఆండ్రాయిడ్‌లోనే ఉన్న ప్రాసెస్ టెక్స్ట్ అనే సదుపాయం చూడు. మాటని సెలెక్ట్ చేస్తే కాపీ పక్కన వచ్చే మెనూలో నీ యాప్ పేరు కూడా వస్తుంది, నొక్కితే ఆ మాట నీ చేతికొస్తుంది. ఏ పర్మిషనూ అక్కర్లేదు. పేజీని బొమ్మగా చూపించే ఈ-పేపర్లలో మాత్రం సెలెక్ట్ చెయ్యడానికేమీ ఉండదు, అక్కడ ఈ దారి పనిచెయ్యదు. అర్థం చిన్న డైలాగ్‌లో చూపించు చాలు. బుడగని మోజున్నవాళ్ల కోసం తర్వాత కలుపుదువుగాని.

అయ్యాక ఏపీకే (యాప్ ఫైల్) పంపు, మా అత్తయ్య ఫోన్లో వేసి చూస్తా. ఆవిడది గో ఎడిషన్, అంటే తక్కువ మెమరీ ఫోన్ల కోసం చేసిన తేలిక ఆండ్రాయిడ్. ఆండ్రాయిడ్ 10 గో నుంచి ఈ పర్మిషన్ ఇవ్వడమే లేదు, బుడగ ఎలాగూ రాదు.

ఉంటా మరి,
నీ మావ