ప్యాకేజీలో సర్జన్ ఫీజు ఎంతో తేల్చండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లా కేంద్రంలో ఎముకల డాక్టర్ని. నా దగ్గర ఆపరేషన్ చేయించుకునే వాళ్లలో చాలామంది ఆరోగ్యశ్రీ మీదే వస్తారు. ఈ పథకం పది కాలాలు నిలవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2023 డిసెంబర్ 9న మీ ప్రభుత్వం ఈ పథకం కింద ఉచిత వైద్యం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. పెద్ద జబ్బు వచ్చిన కుటుంబానికి అది కొండంత అండ. కానీ తుంటి విరిగిన ముసలమ్మకు చేసే ఆపరేషన్‌కు ఆ పరిమితితో పని లేదు, దానికి వచ్చేది ప్యాకేజీ రేటే, అంటే ఒక్కో చికిత్సకు ఇంత అని ప్రభుత్వం ఆసుపత్రికి కట్టే మొత్తమే. పదేళ్లకు పైగా కదలని ఆ రేట్లను 2024 జులైలో 1,375 చికిత్సలకు సగటున 20 శాతం పైచిలుకు పెంచారు. సంతోషమే. అయితే ఆ పదేళ్లలో దేశంలో ధరలు ఒకటిన్నర రెట్లు దాటాయి. అంటే పెంచాక కూడా మేము వెనకే ఉన్నాం.

ఆ ప్యాకేజీలోంచి ఏమేం పోతాయో చూడండి. రాడ్, స్క్రూలు, మత్తు డాక్టర్, థియేటర్ స్టాఫ్, ఎక్స్‌రేలు, మందులు, బెడ్డు, పేషెంట్ భోజనం, ఇంటికి వెళ్లేటప్పుడు బస్సు చార్జీలు. రాడ్ కంపెనీ వాడు తన రేటు తగ్గించడు, కరెంటు బిల్లు ఆగదు. ఇవన్నీ పోగా మిగిలిందే సర్జన్‌ది. అందుకే ప్రతిసారీ కోత పడేది అక్కడే. ఆ మిగిలింది కూడా నెలల తరబడి రాదు. 2025 సెప్టెంబర్‌లో బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే ఈ పథకంలో చేరిన ఆసుపత్రులు, సేవలు ఆపాల్సి వచ్చింది. ఆ రోజుల్లో కట్టుతో వచ్చిన మనిషికి ఏం చెప్పాలో తెలియక పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

దీని ఫలితం జిల్లాల్లో కనిపిస్తోంది. చదువు పూర్తయిన కుర్ర సర్జన్లు హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల వైపే చూస్తున్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఇక్కడ చేయగలిగిన ఆపరేషన్‌కు కూడా పేషెంట్ అంబులెన్స్‌లో అంత దూరం పోవాల్సి వస్తోంది.

ప్రతి ప్యాకేజీలో సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, ఇంప్లాంట్ (రాడ్, స్క్రూల లాంటివి) ఖర్చు విడివిడిగా చూపించండి. రేట్లను ఏటా ధరల సూచీతో ముడిపెట్టండి. డబ్బు ఏ తేదీలోగా జమ అవుతుందో జీవోలో రాయండి, ఆలస్యమైతే వడ్డీ కట్టే నిబంధన కూడా పెట్టండి. వచ్చే బడ్జెట్‌లోనే ఇది మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జిల్లా సర్జన్