బోడతరం కథ

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరమూ ఫొటోలూ అందాయి. బడికెళ్లే దారిలో చెరువు శిఖం నిండా ఊదారంగు గుండుపూలు విరగబూశాయని, అవి అడవి బొగడబంతులా, అత్తిపత్తా అని అడిగావు. పిల్లలు అడిగేలోపు తేల్చెయ్యాలని నీ కంగారు కాబోలు! రెండూ కావురా. అది బోడతరం. కొన్నిచోట్ల బోడసరం అంటారు. మూలికల కొట్లో ముండి అని ఎండు గుండ్లు అమ్ముతారే, అవి ఇవే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి స్ఫీరాంథస్ ఇండికస్ అని పేరు పెట్టాడు.

అందరిలాగే నువ్వూ ఫొటోలన్నీ పువ్వుకే తీశావు. దీని గుట్టంతా కాడలో ఉంది. ఒక ఫొటో మూలన కాస్త కాడ పడబట్టి నా పని తేలికైంది. ఆకుకి తొడిమ ఉండదు. ఆకు అంచే కాడ మీదికి దిగి, పచ్చటి రెక్కలా కిందికి సాగుతుంది. ఆ రెక్కకి రంపప్పళ్లు. పూకాడకీ అంతే. బొగడబంతికి ఈ రెక్కలుండవు, ఆకులు కూడా ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. బోడతరానికి ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు. ఇక అత్తిపత్తి సంగతంటావా, ముట్టుకుంటే అదే చెప్పేస్తుంది.

ఇది చేమంతి కుటుంబం అంటే, మరి చుట్టూ రేకులేవిరా అంటావు, నాకు తెలుసు. ఓ గుండు తెంపి గోటితో నిలువునా చీల్చు. చేమంతిలో మనం ఒక్క పువ్వనుకునేదే పూల గుంపు కదా, ఇక్కడ అలాంటి బుల్లి గుంపులు బోలెడు చేరి ఒకే గుండయ్యాయి. ఒక్కో గుంపులో అంచున ఆడపూలు, నడుమ ద్విలింగ పూలు, అన్నీ సన్నటి గొట్టాలే. రేకులా చాచుకునే పువ్వు ఒక్కటీ ఉండదు. బళ్లో భూతద్దం ఉంటే పిల్లలకి తప్పక చూపించు. తర్వాత నీ వేళ్లు వాసన చూసుకో. ఆ ఘాటు ఓ పట్టాన వదలదు!

చెరువు నిండుగా ఉన్నన్నాళ్లు దీని జాడ ఉండదు. నీళ్లు వెనక్కి తగ్గిన బురదలో మొలిచి, చలికాలంలో పూతకొస్తుంది. ఇక్కడ మా తెనాలి వైపు వరి కోసిన మాగాణుల్లో, మినుము మధ్య కనిపిస్తుంది. రైతుకి అది కలుపే అనుకో. అయినా వయ్యారిభామలా ఎక్కడి నుంచో వచ్చిపడింది కాదు, ఈ నేల మొక్కే.

అన్నట్టు, తూము దగ్గర పాలిపోయిన రంగు గుండ్లున్నాయని రాశావు. వాటిమీదే నా కన్ను. అవి దీని దాయాది స్ఫీరాంథస్ ఆఫ్రికానస్ ఏమోనని నా అనుమానం, అదీ తడినేల మొక్కే. దాని కాడ రెక్కకి పళ్లుండవు, ఒంటిమీద నూగూ పెద్దగా ఉండదు. ఈసారి పువ్వు జోలికి పోకుండా పూకాడని దగ్గరగా తీసి పంపు. పక్కన వేలు పెట్టి తియ్యి, సైజు తెలుస్తుంది. అక్కడ బురద లోతెక్కువ, చెప్పులు గట్టున విడిచి దిగు.

నీ
సుబ్బు