రిపేరు చేయకుండానే మూసేసిన నా ఫిర్యాదు గురించి

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మా ఫ్రిజ్ చల్లబడటం మానేసి ఈ రోజుకి 23 రోజులు. వస్తువన్నాక పాడవుతుంది, దానికి మీ మీద కోపం లేదు. 9 ఏళ్లు ఒక్క రిపేరూ లేకుండా నడిచిన ఫ్రిజ్ అది. కానీ ఈ 23 రోజుల్లో మీ కంపెనీలో ఒక్కరంటే ఒక్కరు నా గోడు పట్టించుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

మొదటిసారి ఫోన్ చేస్తే 48 గంటల్లో మనిషి వస్తాడన్నారు. నాలుగో రోజు వచ్చాడు. ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూశాడు, తలుపు ఒకసారి తీసి వేశాడు, "గ్యాస్ అయిపోయిందండీ, ఎక్కించాలి" అన్నాడు. పది నిమిషాలు కూడా ఉండలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి మేడమ్, నేను వచ్చినట్టు నమోదవ్వాలి" అన్నాడు. చెప్పాను. రేపు సిలిండర్ తెస్తానన్న మనిషి మళ్లీ రాలేదు. సాయంత్రానికి మాత్రం మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి. అది వచ్చే సమయానికి నేను ఫ్రిజ్ కింద కారిన నీళ్లు గుడ్డతో ఒత్తి బకెట్లో పిండుతున్నాను.

ఆ ఓటీపీ చెబితే ఫిర్యాదు మూసేస్తారని నాకెవరు చెప్పారు?

అప్పటి నుంచి మీకు 11 సార్లు ఫోన్ చేశాను. తేదీలు, టైములు అన్నీ కాగితం మీద రాసిపెట్టుకున్నాను. ప్రతిసారీ ఆ నంబరూ ఈ నంబరూ నొక్కి, సంగీతం వింటూ కూర్చుని, తీరా మనిషి పలికాక మోడల్ నంబరు దగ్గర నుంచి మొత్తం మళ్లీ చెప్పాలి. ఒకాయన ప్లగ్ తీసి మళ్లీ పెట్టి చూడమన్నాడు. ఇంకొకాయన "సిస్టంలో క్లోజ్ అయినట్టు చూపిస్తోంది కాబట్టి ఫ్రిజ్ పనిచేస్తున్నట్టే కదా" అని నన్నే అడిగాడు. మా అమ్మ ఇన్సులిన్ వాడుతుంది, తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, వాటిని పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టుకుని ఇబ్బంది పడుతున్నాం అని చెబితే, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చదివి లైను కట్ చేశారు. పై అధికారి 24 గంటల్లో మాట్లాడతారని మూడుసార్లు మాటిచ్చారు. ఒక్క ఫోనూ రాలేదు.

ఏడోసారి మాట్లాడిన అమ్మాయి ఒక్కతే నిజం చెప్పింది: "మేడమ్, నేను నోట్ రాయగలను, అంతే. పైవాళ్లకి కలిపే వీలు మాకు లేదు." ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమెను ఆ కుర్చీలో అలా కూర్చోబెట్టిన వాళ్ల మీద ఉంది.

రెండో ఫిర్యాదు మీద ఇంకో టెక్నీషియన్ వచ్చాడు. మొదటివాడు వచ్చిన సంగతే అతనికి తెలియదు. కంప్రెసర్ పోయింది, కొత్త ఫ్రిజ్ తీసుకోవడమే మంచిదన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ కరెంటు పరీక్షించే మీటర్ బయటికి తీయలేదు. ఈ పనిలో 30 ఏళ్లు ఉన్న మా బాబాయిని అడిగాను. ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదట. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టుకుని, అతికించి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ లాగేశాకే గ్యాస్ ఎక్కించాలి. కంప్రెసర్ పోయిందనే ముందు దాని రిలే చూడాలి, అది కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే చిన్న ముక్క, మార్చేస్తే సరిపోయే సందర్భాలూ ఉంటాయి. "అసలు ఏం చూశారో కాగితం మీద రాసిచ్చారా?" అని అడిగారు బాబాయి. ఇవ్వలేదు. ఇద్దరూ నోటిమాటే చెప్పి వెళ్లారు.

వీధి చివర మెకానిక్‌ని పిలుద్దామని మావారు మొదటి రోజే అన్నారు. వద్దు, కంపెనీవాళ్లయితే అసలు పార్టులు వేస్తారు, పనికి పూచీ ఉంటుంది అని పట్టుబట్టింది నేనే. ఆ నమ్మకంతోనే ఏటా మీ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) డబ్బు కట్టాను, ఒక్కసారీ వాడుకోకుండా. మా వాషింగ్ మెషీన్ కూడా మీ కంపెనీదే. మా చెల్లి పెళ్లికి మీ ఫ్రిజ్జే కొనిపించాను. అవసరం పడ్డ మొదటిసారే నన్ను ఇలా వదిలేస్తారా?

నిర్ణయం తీసుకోగలిగిన మనిషి నాకు ఫోన్ చేయాలి. మీటర్ పట్టుకొచ్చే టెక్నీషియన్‌ని పంపి, లోపం ఏమిటో, ఏ పార్టు మారుస్తారో, దానికి ఎన్నాళ్లు గ్యారంటీయో పని మొదలుపెట్టక ముందే రాసివ్వాలి. తీసిన పాత పార్టు నాకే అప్పగించాలి. అది చేతకాకపోతే ఏఎంసీ డబ్బు తిరిగి ఇచ్చేయండి. మీ రికార్డుల్లో నా పేరు మీద ఉన్న "పరిష్కారమైంది" అన్న మాట మాత్రం ఏమైనా సరే తీసేయాలి. అది అబద్ధం.

ఈ ఉత్తరం అందిన 7 రోజుల్లో జవాబు రాకపోతే, నేను రాసుకున్న తేదీల కాగితం, మీ మెసేజ్‌లు అన్నీ తీసుకుని వినియోగదారుల కోర్టుకి వెళతాను. ఈసారి ఓటీపీ అడిగితే, డబ్బా చల్లబడేదాకా చెప్పను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు