బల్బుతో మాట్లాడే ముందు మోటారు సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో ఇంటి ఆటోమేషన్ గురించి పేజీ నిండా వేశారు. నోటితో చెబితే దీపాలు ఆరిపోతాయట, కరెంటు బిల్లు సగానికి దిగుతుందట. ఫొటోలోని ఇల్లు చూస్తే, అందులో ఉండేవాళ్లు బిల్లు వైపు ఎప్పుడైనా చూస్తారా అని నాకు అనుమానం. ఆ రోజే రాద్దామనుకున్నాను. మనవరాలి పరీక్షలు, దర్శనానికి వచ్చిన చుట్టాలు (తిరుపతిలో ఇల్లున్నవాడి కష్టం మీకు చెప్పనక్కర్లేదు), ఇన్నాళ్లకు కుదిరింది.

ముప్పై ఏళ్లు పిల్లలకు వాట్లు, యూనిట్లు చెప్పి రిటైరైనవాణ్ణి. పైగా ఆ ముచ్చట మా ఇంట్లో ముందే తీరింది. బెంగళూరులో ఉండే మా అబ్బాయి పోయినేడాది అరడజను స్మార్ట్ బల్బులు, మాట వినే స్పీకరు ఒకటి పంపాడు. మా ఆవిడ 'హాల్లో లైటు ఆర్పబ్బా' అంటే అది ఇంగ్లీషులో సారీ చెప్పేది. మే నెలలో ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయింది. అరగంటకు వచ్చీ రాగానే ఆరు బల్బులూ వాటంతటవే భగ్గుమన్నాయి. కరెంటు వస్తే వెలగాలని వాటిలో సెట్టింగు ఉందట. గంగమ్మ జాతరకు కూడా మా ఇల్లు అట్లా వెలగలేదు.

సరే, లెక్క చూద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును రోజూ ఒక గంట ఆర్పడం మరిచిపోయామే అనుకోండి, నెలకు పావు యూనిట్‌కు కాస్త పైన. దాన్ని ఫోనులోంచి ఆర్పడానికి వైఫై పెట్టె రాత్రింబవళ్లు వెలగాలి. అది 10 వాట్లు లాగినా నెలకు 7 యూనిట్లు. పావు మిగల్చడానికి ఏడు పెట్టడాన్ని పొదుపు అంటే నా దగ్గర చదివిన ఆరో తరగతి పిల్లవాడు కూడా ఒప్పుకోడు.

మరి మొదలుపెట్టేవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? మనం ఏది మరిచిపోతామో అక్కడ. మా ఇంట్లో అది నీళ్ల మోటారు. కొళాయి వచ్చిన రోజు మోటారు వేయడం, ఫోనులో పడడం, మిద్దె మీద ట్యాంకు పొర్లి వీధిలోకి కాలువ కట్టడం. ఒక హెచ్‌పీ మోటారంటే దాదాపు 750 వాట్లు. నీళ్లూ పోయె, కరెంటూ పోయె, ఎదురింటివాళ్లతో మాటలూ పోయె. ఫ్లోట్ స్విచ్చి ఒకటి పెట్టించాను. ట్యాంకు నిండితే మోటారు దానంతటదే ఆగుతుంది. వైఫై అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఇంగ్లీషు అసలే అక్కర్లేదు. ఆటోమేషన్ అంటే ఇదే కదండీ!

రెండోది గీజరు. 2000 వాట్లు, అరగంటకో యూనిట్. థర్మోస్టాట్ ఉంటుంది, నీళ్లు కాగాక ఆగుతుంది. కానీ స్విచ్చి వేసి వదిలేస్తే చల్లారినప్పుడల్లా మళ్లీ మళ్లీ లాగుతూనే ఉంటుంది. దీనికి టైమరున్న ప్లగ్గు నిజంగా పనికొస్తుంది. కాకపోతే 16 ఆంపియర్లది తీసుకోవాలి. చిన్న ప్లగ్గుకు గీజరు తగిలిస్తే ప్లగ్గు కాలుతుంది. మీ పేజీలో ఆ ఒక్క ముక్క లేదు. పాత ఇళ్లలో చాలా స్విచ్చి బోర్డులకు న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఉండదని, స్మార్ట్ స్విచ్చుల్లో ఎక్కువవాటికి అది కావాలని కూడా లేదు. స్విచ్చులు కొనుక్కొచ్చాక గోడ పగలగొట్టమంటారు. అప్పుడు తెలుస్తుంది పొదుపు రుచి.

ఏసీ సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా 2020లోనే కేంద్రం నిబంధన పెట్టింది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అంటారు. మనవాళ్లు 18లో పెట్టి దుప్పటి కప్పుకుంటారు. తెల్లారుజామున ఆపే టైమరు ఆ రిమోటులోనే ఉంది, నొక్కితే చాలు. నెలకు 225 యూనిట్లు దాటితే ఆపైన యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కు ఎక్కుతుందని తెలిసినవాడు నొక్కుతాడు.

ఇంకొకటి. మన ఊళ్లో ఎన్ని లాడ్జీలున్నాయి? చాలావాటిలో తలుపు పక్కన కార్డు పెడితేనే గదికి కరెంటు, తీస్తే లైట్లు, ఏసీ బంద్. అదే పద్ధతిలో ఇంటి గుమ్మం దగ్గర ఒక మెయిన్ స్విచ్చి పెట్టించుకోవచ్చు, ఫ్రిజ్ లైను మాత్రం విడిగా ఉంచి. ఊరి నిండా ఉన్న దాన్ని వదిలేసి మీ విలేఖరి ఎక్కడెక్కడికో పోయాడు.

అసలు నాకు మండేది ఇది కాదు. పొదుపు చేయమని అందరూ ఇంట్లోవాళ్లకే చెబుతారు. మా వీధిలో 14 దీపాలున్నాయి. నెల రోజులుగా అవి మధ్యాహ్నం దాకా వెలుగుతూనే ఉన్నాయి. ఒక్కోటి 40 వాట్లనుకున్నా, పగలు ఐదు గంటలకు నెలకు 84 యూనిట్లు. నేను అప్పు చేసినంత పని చేసి మూడు ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకానికి మార్చి మిగిల్చింది నెలకు 36. చీకటి పడితే వెలిగి తెల్లారితే ఆరే సెన్సరు నా సర్వీసులో నేను పిల్లలకు సైన్స్ ఫెయిర్‌లో చేయించాను, ఒక డబ్బా, నాలుగు తీగలు. అది వీధికి రావడానికి ఇంకెన్ని డిసెంబరు 14లు ఇంధన పొదుపు దినోత్సవం జరపాలో! ఫిర్యాదు చేద్దామని ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడికి పోతే కాంట్రాక్టరును అడగమన్నారు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. ఆ ఆఫీసు వరండాలో మాత్రం ఖాళీ కుర్చీల మీద నాలుగు ఫ్యాన్లు హాయిగా తిరుగుతున్నాయి. నేనే ఆపి వచ్చాను, అటెండరు కోప్పడ్డాడు.

ఈసారి అనుబంధానికి ఫొటో కావాలంటే విలేఖరిని మా వీధికి పంపండి. తొందర పడనక్కర్లేదు, పదకొండు గంటలకు వచ్చినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

— ఒక రిటైర్డ్ సైన్స్ టీచరు, బైరాగిపట్టెడ, తిరుపతి