పాలరాయి కన్నా ముందు తేమ సంగతి

సంపాదకులకు,
హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయం లాంటి పెద్ద భవనం విశాఖకూ కావాలనడం న్యాయమే. కాకపోతే మనది సముద్రపు గాలి. గదిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే అట్టలకు బూజు పడుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం మరీ చేటు: చల్లబడ్డ పుస్తకాలకు తేమ గాలి తగిలి చెమ్మ పడుతుంది. గాలిలోని తేమను లాగేసే డీహ్యూమిడిఫయర్ యంత్రం రాత్రింబవళ్లు నడవాలి, దాని నీటి గొట్టం నేరుగా బయటికి పోవాలి (కింద బకెట్ పెడితే, అది నిండాక ఎవరు చూస్తారు?). బీరువాలు గోడకు జానెడు ఎడంగా, నేలకు ఆరంగుళాల ఎత్తున ఉండాలి. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంది కదా, పాలరాతి మెట్లకన్నా ముందు వీటికి కేటాయించండి.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం