వార్షిక నివేదిక 2024–25: బడి ఆవరణలో ఒంటితో పాఠాలు

సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన పనంతా ఒక్కదాని మీదే నడిచింది: ఒకటి నుంచి ఐదో తరగతి దాకా లెక్కలు, తెలుగు, పరిసరాల విజ్ఞానం పిల్లలు లేచి, నడిచి, గెంతి నేర్చుకునేలా చూడటం. కొందరు సభ్యులు దీన్ని ఇప్పటికీ డ్రిల్లు పీరియడు అంటున్నారు. గెంతిన దూరమే లెక్క అయితే అది పాఠం. ఎక్కం అరుస్తూ ఊరికే ఎగిరితే డ్రిల్లే, ఆ మాటకు మేమూ ఒప్పుకుంటాం.

సంఖ్యారేఖతో మొదలుపెట్టాం. 0 నుంచి 20 వరకు, గీతకూ గీతకూ 40 సెంటీమీటర్లు, మొత్తం 8 మీటర్లు. ఎడం ఇంకా పెంచితే ఒకటో తరగతి పిల్లలు అందుకోలేక మధ్యలో కాలు మోపుతారు, ఆ మోపినదీ లెక్కలో పడిపోతుంది. ముగ్గుతో గీస్తే ఒక పూట నిలుస్తుంది. పెయింటు వేస్తే తడిసినప్పుడు కాలు జారుతుంది. సున్నం వద్దని మొదటే చెప్పాం, కళ్లలో పడితే ప్రమాదం. ప్రతి బడిలోనూ ఎదురైన తప్పు ఒకటే: 5 మీద నిలబడి 3 కలపమంటే, నిలబడిన గీతనే ‘ఒకటి’ అనేసి 7 దగ్గర ఆగిపోతారు. నిలబడ్డచోట మోకాళ్లు వంచి ‘సున్నా’ అనిపించి, పాదం తర్వాతి గీతను తాకాకే ‘ఒకటి’ అనిపిస్తే ఇది కుదుటపడుతుంది. తీసివేతకు వెనకడుగులు వేయించొద్దు, పడతారు. సున్నా వైపు తిరిగి మామూలుగానే నడవనివ్వండి. గెంతు ముగిసిన చోటే మట్టిలో 5+3=8 అని వేలితో రాయించాలి. ఈ మెట్టు వదిలేసిన చోటల్లా పలక చేతికిచ్చేసరికి పిల్లలు మళ్లీ మొదటికొచ్చారు.

గడియారానికి 3 మీటర్ల తాడుతో వృత్తం గీసి, చుట్టూ 12 మందిని అంకెలుగా కూర్చోబెట్టాలి. ఇద్దరి మధ్య సుమారు మీటరున్నర వస్తుంది. పెద్దముల్లు 3 మీటర్ల తాడు పట్టుకుని అంచు వెంట, చిన్నముల్లు 2 మీటర్ల తాడుతో లోపల నడుస్తారు. మూడున్నర చూపించమంటే చిన్నముల్లు పిల్లవాడు 3 దగ్గరే పాతుకుపోతాడు. అందుకే అంకెకూ అంకెకూ మధ్య నాలుగు చుక్కలు పెట్టి అయిదు భాగాలు చేశాం. పెద్దముల్లు 12 నిమిషాల దూరం నడిస్తే చిన్నముల్లు ఒక్క భాగం జరుగుతుంది. ఇలా ఒక్క గంట పూర్తిగా నడిచిన పిల్లలకు ‘మూడుంపావు’ విడిగా చెప్పక్కర్లేకపోయింది.

తెలుగులో ఒత్తులే అసలు చిక్కు. ‘అమ్మ’కు ముగ్గురు కావాలి: అ, మ నిలబడతారు, మ ఒత్తు కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుంటుంది. ‘మెట్టు’ దగ్గరికొచ్చాకే గొడవ. కొమ్ము వినపడేది ఒత్తు తర్వాత, రాసేదేమో పైనున్న అక్షరానికి. కాబట్టి కొమ్ము చూపే చెయ్యి నిలబడిన ‘ట’ ఎత్తాలి, కూర్చున్న ఒత్తు కాదు. పెద్దవాళ్లమే రెండుసార్లు తప్పు చూపించాం. ద, ధ, థ తేడాకు ముగ్గుతో రెండు మీటర్ల అక్షరం గీసి నడిపించాం. ‘ధ’ కింది గీత దగ్గర ఒకసారి కాలు తాటించాలి. ‘థ’కు అదీ ఉంటుంది, లోపలి చుక్కలోకి గెంతూ ఉంటుంది. కలం ఎక్కడ మొదలవుతుందో అడుగూ అక్కడే మొదలవ్వాలి, అడ్డదారి తొక్కనివ్వకూడదు.

భూభ్రమణం త్వరగా చెబుతాం. భూమి అయిన పిల్ల తన ఎడమ చేతి వైపుకే తిరగాలి, ఆ చేతికి ‘తూర్పు’ అట్ట కట్టాలి. అప్పుడు సూర్యుడు ఆ వైపు నుంచే కంటపడతాడు. టీచరు ఎదురుగా నిలబడి చేసి చూపిస్తే కుడిఎడమలు తారుమారవుతాయి, వీపు పిల్లల వైపు పెట్టి చూపించాలి.

ఇక ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోగలిగింది డిసెంబరు 22న, రామానుజన్ పుట్టినరోజున జరిగిన జాతీయ గణిత దినోత్సవంలో ఎక్కాల కోలాటం. ఇరవైమంది పిల్లలు, అడుగు పొడవు కోలలు నలభై, లోపల పది మంది, బయట పది మంది. ఏ ఎక్కమైతే అన్ని దెబ్బలకొక ఆవర్తనం. ముందు దెబ్బలు తమ కోలలకే, ఆఖరిది జతగాడి కోలకు, ఆ దెబ్బకే జవాబు పలకాలి. దెబ్బలు లెక్కపెట్టే జతులు ఇవి: మూడుకు తకిట, నాలుగుకు తకధిమి, అయిదుకు తక తకిట, ఏడుకు తకిట తకధిమి, తొమ్మిదికి తకధిమి తక తకిట. ఎక్కం ముగియగానే బయటి వరుస ఒక మనిషి జరుగుతుంది. పది ఎక్కాలయ్యాక ఎవరి మొదటి జత వారికి రావాలి, రాకపోతే ఎవరో జరగలేదన్నమాట. మొత్తం 550 దెబ్బలు, సెకనుకొకటి చొప్పున తొమ్మిది నిమిషాల పైచిలుకు. ఏడో ఎక్కంలో పిల్లలు తెలియకుండానే ఒక ఖాళీ దెబ్బ కలిపి ఎనిమిది చేస్తారు, చెవికి నాలుగు నాలుగుగా అలవాటు మరి. మధ్యలో తాళాలతో నిలబడినవారు జతిని గట్టిగా పలకడం తప్ప దీనికి మార్గం లేదు. ఆ రోజు అదీ దాటేశారు!

కోలాటం నేర్పిన పెద్దాయనకు, కోలల కొసలు గరుకు కాగితంతో రుద్ది ఇచ్చిన వడ్రంగికి (రుద్దకపోతే పేళ్లు గుచ్చుకుంటాయి), పొద్దున్నే వచ్చి ముగ్గులేసిన తల్లులకు, ఎండెక్కకముందే పీరియడు సర్దిన ప్రధానోపాధ్యాయులందరికీ, మంచినీళ్ల క్యాన్లు పంపిన సభ్యులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి చదువుతారు. తాళ్లు, కోలలు, ముగ్గుపిండి, ఆటో కిరాయి, అంతే. ఆడిటయింది.

చెప్పక తప్పని మాటలు రెండు. సంఖ్యారేఖకు ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒకరు గెంతు చూడాలి, ఇంకొకరు రాత చూడాలి. వాట్సాప్‌లో ‘వస్తాం’ అని చేతులెత్తిన వాళ్లలో సగం మంది ఒక్క శనివారమూ రాలేదు. ఒంటరిగా వెళ్లిన చోట రాత మెట్టు తప్పిందంటే కారణం ఇదే. రెండోది, తనిఖీకి వచ్చిన ఒక అధికారి నోట్సులు ఖాళీగా ఉన్నాయని రాసి వెళ్లారు, మట్టిలో రాసింది చూడమంటే ఆయన కారు దిగలేదు. ఆటలతో కలిపి పాఠం చెప్పమని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోందని ఉత్తరం రాశాం. జవాబు రాలేదు.

గడియారం తాడు 3 మీటర్లది ఎవరో సభ్యుల ఇంట్లో ఉండిపోయింది, బట్టలారేయడానికి వాడుతున్నట్టు కూడా తెలిసింది. బడులు తెరిచే జూన్ 12 లోపు తెచ్చి ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి