ఏడుపు అన్న మాట

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో "రాత్రి ఏడ్చాను నాన్నా" అన్నావు. అంతలోనే నాలిక కరుచుకుని "అదే, కాస్త ఎమోషనల్ అయ్యాలే" అని దిద్దుకున్నావు. ఎందుకు ఏడ్చావో విన్నాను, మళ్ళీ ఎత్తను. ఆ దిద్దుబాటే నన్ను వదల్లేదు. ఏడుపన్న మాట దగ్గర అంత మొహమాటమా?

తప్పు నీది కాదులే. దాన్ని మనమే తిట్టు చేసి కూర్చున్నాం. పని బాగా కుదరకపోతే 'ఏడ్చినట్టుంది'. ఎవరైనా గొప్పలు పోతే 'ఏడ్చావులే'. పక్కవాడు బాగుపడితే 'చూసి ఏడుస్తున్నారు', అందులో కన్నీటి చుక్కయినా ఉండదు, ఉత్త అసూయ. పైగా నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని ఓ సామెత. అది కట్టినవాడు తన ఇంట్లోవాళ్ళ ముఖాలైనా సరిగ్గా చూసి ఉండడు.

మాట మాత్రం చాలా పాతది, మన సొంతం. తమిళంలో అఴు, కన్నడంలో అళు, మనకి ఏడ్చు. మూడూ ఒక్క వేరువే. ఆ ఴ డకీ ళకీ మధ్య నాలిక మడిచి పలికే ధ్వని. ఒకప్పుడు మనకీ దానికో అక్షరం ఉండేది, 6, 7 శతాబ్దాల రేనాటి (ఇప్పటి కడప వైపు) శాసనాల్లో కనిపిస్తుంది. తర్వాత అక్షరం పోయింది, దాని చోట చాలా మాటల్లో డ వచ్చి కూర్చుంది. తమిళుల కోఴి మనకి కోడి. వాళ్ళ ఏఴు మనకి ఏడు.

ఈ ఏడుతోనే నువ్వు నన్ను ముప్పుతిప్పలు పెట్టావు, గుర్తుందా? నాలుగేళ్ళుంటాయి నీకు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేళ్ళు మడిపిస్తూ "ఆరు... ఏడు" అన్నాను. మడిచిన వేళ్ళు అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసి, "నేనేం చేశాను? ఏడవను!" అన్నావు. పెదవి అప్పటికే వణుకుతోంది. లెక్క కదమ్మా అంటే వినవు. చాన్నాళ్ళు ఆరు తర్వాత నీకు ఎనిమిదే. నవ్వాను గానీ, నువ్వన్నదాంట్లో తప్పేముంది? అంకె ఏడు, ఏడవమనే ఏడు, సంవత్సరమనే ఏడు, మూడూ వేరువేరు చోట్ల పుట్టి ఒకే చొక్కా తొడుక్కున్నాయి. సంవత్సరానికి మాత్రం పాత రాతలో అరసున్న ఉండేది, ఏఁడు అని. 'ఏండ్లు' అన్నప్పుడు ఆ సున్న ఇప్పటికీ బయటపడుతుంది.

రోదన అంటే గౌరవంగా ఉంటుందనుకుంటావేమో. అదీ ఏడుపే, సంస్కృతంలో. రుద్ అంటే ఏడవడం. యజుర్వేదంలోని తైత్తిరీయ సంహితలో అగ్ని ఏడుస్తాడు. ఏడ్చాడు కాబట్టే రుద్రుడయ్యాడట, రాలిన కన్నీరు వెండి అయిందట. విలాపంలో ఉన్నది లప్ ధాతువు, అంటే మాట్లాడటం. సంలాపం, ఆలాపన దాని చుట్టాలే. నువ్వు నిన్న ఫోన్లో చేసింది అదే అనుకో.

నువ్వు కడుపులో దాచుకునే రకం కాదు. చిన్నప్పుడు గుక్కపట్టేదానివి. నోరు తెరిచే ఉండేది, శబ్దం వచ్చేది కాదు. మొహం కందిపోయేది. నేనూ మీ అమ్మా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం. ఆ శబ్దం బయటికి వచ్చాకే మా ప్రాణం కుదుటపడేది.

మీవాడికి అంకెలు నేర్పుతున్నానన్నావు కదా. ఆరు తర్వాత ఏమంటాడో ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న